చెంబుతో షికారు

మొన్న విజయనగరంలో గుండె డాక్టరు నా కాగితాలన్నీ అటూ ఇటూ తిప్పి, "మాస్టారూ, మందులు సరే. పొద్దున్నే నడవండి. పని మీద కాదు, ఊరికే నడవండి" అన్నాడు. ఆ 'ఊరికే' అన్న మాట చెవిన పడగానే నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. ఆయన కంగారుపడి మళ్ళీ బీపీ చూశాడు.

ఆయనకి ఏం చెప్పను? ఊరికే నడవడం కోసం ఒక మనిషి ఎన్ని అగచాట్లు పడ్డాడో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు ఏ మైదానానికి పోయినా తెల్లబూట్లేసుకుని జనం గానుగెద్దుల్లా తిరుగుతూనే ఉంటారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోరు. "ఎందాకా?" అని అడిగే నాథుడు లేడు. అడక్కపోతే నాకు ఒళ్ళు మండుతుందనుకోండి, అది వేరే సంగతి. మా బావ ఈ రోజుల్లో పుట్టి ఉంటే దర్జాగా నడిచేవాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చలికాలం వస్తే మాత్రం తువ్వాలు చెవులకి బిగించుకుని, చేతిలో ఇత్తడి చెంబుతో, మంచులోకి వెళ్ళిపోతున్నట్టే ఉంటాడు నాకు.

అరవైల చివర్లో మాట. రాజాం దగ్గర హైస్కూల్లో కొత్తగా మేష్టరుగా చేరాను. మా అప్పనిచ్చిన ఊరు ఆ బడికి దగ్గర. మా వైపు అక్కని అప్ప అంటాం. పెళ్ళికాని మేష్టరు వేరే గది తీసుకుని వంట చేసుకుంటానంటే అప్ప ఊరుకుంటుందా? పెట్టె లాక్కుని తన ఇంట్లో పెట్టేసింది. బావగారింట్లో మకాం అంటే కూడూ దొరుకుతుంది, వెటకారమూ దొరుకుతుంది. రెండూ కడుపునిండా దొరికాయి నాకు.

బావ వాళ్ళది తరతరాల వ్యవసాయం. ఉమ్మడి కొంప. అన్నదమ్ములు, తోడికోడళ్ళు, మా వైపు గుంటలనే పిల్లలు, పశువులు. ఆ ఇంట్లో మాట్లాడకుండా ఉండేది గాదె ఒక్కటే. గాదె తర్వాత మా బావే. మనిషి పొడుగు, మాట పొట్టి. నవ్వితే శబ్దం రాదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి. ఎడ్లని కూడా "నడవండి బాబూ" అని బతిమాలుకునేవాడు. తిట్టడం చేతకాదని అప్పకి ఎంత దిగులో.

ఆయనకి ఉన్న పెద్ద జబ్బల్లా వినడం. ఊళ్ళో ఎవరికి ఏం తగువొచ్చినా వచ్చి మా బావ అరుగు మీద కూర్చునేవారు. "ఒరే బావా, ఇది ఇను" అని ఒకడు, "మావా, నువ్వే సెప్పాల" అని ఇంకొకడు. గట్టు జరిపాడని, కోడలు కసిరిందని, గేదె ఈనలేదని. బావ తీర్పు చెప్పేవాడు కాదు. 'ఊఁ' అనేవాడు. ఆ ఊఁలలో రకాలున్నాయి. పొట్టి ఊఁ అంటే 'తప్పు నీదే'. సాగదీసిన ఊఁ అంటే 'తప్పు వాడిదే గాని ఊరుకో'. ముక్కుతో అన్న ఊఁ అంటే 'భోజనాల వేళయింది, లెగు'. జనం ఆ ఊఁ పట్టుకెళ్ళి పెద్దమనుషుల తీర్పులా పాటించేవారు.

అలాంటి మనిషికి చలికాలం వచ్చేసరికి కాలు నిలిచేది కాదు. కోతలై, కుప్పలు నూర్చి, గింజ ఇల్లు చేరాక పొలాలన్నీ ఖాళీ. వరి మోళ్ళ మధ్య పెసర చేలు పచ్చగా లేస్తుంటాయి. తెల్లారితే మంచు. మిగతా కాలమంతా ఆ పొలంలో పని మీదే నడిచిన మనిషికి, ఒక్కసారి పనిలేకుండా, ఒంటరిగా అలా నడిచి రావాలని కోరిక. ఇంతే. ఇంతకు మించి ఏమీ లేదు. కాని ఈ 'ఏమీ లేదు' అన్నదే మా ఊళ్ళల్లో ఎవడూ నమ్మడు.

నేను వెళ్ళిన ఏడాది మొదటిసారి ఉత్త చేతులతో బయల్దేరాడు. వీధి మలుపులోనే పక్కింటి సూరన్న పట్టుకున్నాడు.

"ఎందాకా మావా?"

"ఇలగే."

"ఇలగే అంటే?"

"ఊరికేరా."

"ఊరికే ఒక్కడివీ ఎల్తావేటి? ఉండు, నానూ వస్తాను" అని చుట్ట వెలిగించుకుని పక్కన పడ్డాడు. మనిషిని ఒంటరిగా పోనిస్తే మా వాళ్ళకి మర్యాద తక్కువ. పైగా అప్పట్లో కొండల వైపు గొడవలు. ఒంటరి మనిషి కనబడితే పోలీసులే ఆపి అడిగేవారు. తాటితోపు దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో ఇద్దరు కలిశారు. గెడ్డ, అదే వాగు, దాటేసరికి అది ఊరేగింపయింది. గట్టు మీద కూర్చుని ఎవరిదో ఆస్తి పంపకం మొదలెట్టారు. బావ మధ్యాహ్నానికి ఇంటికొచ్చి తువ్వాలు విసిరేసి, "సెవులు నిండిపోనాయిరా బామ్మర్దీ. ఒంపుకొద్దామని ఎల్తే ఇంకా పోసి పంపినారు" అన్నాడు.

వీధిలో సంగతి అలా ఉంచండి. ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. అది నవ్వులాట కాదు.

ఆ ఇంట్లో 'ఎక్కడికి' అన్న మాట నిషిద్ధం. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని, ఎందాకా అనాలని అందరికీ తెలిసిందే. మిగతా ఇళ్ళలో నోరుజారితే "కాసిని మంచినీళ్ళు తాగి ఎల్లు" అని సరిపెట్టుకుంటారు. ఇక్కడ అలా కాదు. పాకే గుంటడు ఆ మాటంటే కూడా నోరు మూసేవారు. కారణం బావ తల్లి. నేను అత్తా అనేవాణ్ణి. ఆవిడ గుమ్మం పక్క గోడకి ఆనుకుని, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తూ కూర్చునేది. ఏదన్నా చెప్పాలంటే ముందు చుట్ట బయటికి రావాలి. అది బయటికొచ్చిందంటే ఇల్లంతా గప్‌చుప్.

బావ చంటిబిడ్డగా ఉండగా, ఒక చలికాలం పొద్దున్న, బావ తండ్రి భుజాన కండువా వేసుకుని గడప దాటాడట. ఆవిడ రోటి దగ్గరుంది. వెనకనుంచి "ఎక్కడికి?" అంది. ఆయన తిరిగి చూడలేదు. తిరిగి రానూ లేదు. బైరాగుల జట్టులో కలిసి జగన్నాథం వైపు వెళ్ళాడని పాతపట్నం సంతలో ఎవరో చూసినవాళ్ళు చెప్పారు. అది నిజమో, కల్పనో. ఆవిడకి మాత్రం ఒకటే లెక్క: "నా పాడు నోరు. ఎందాకా అని ఉంటే అందాకా ఎల్లి వచ్చీవోడు. ఎక్కడికన్నాను. ఎక్కడికో ఎల్లిపోనాడు." ఎవరెంత చెప్పినా వినేది కాదు. జీవితమంతా ఆ ఒక్క మాట మోసింది పాపం. ఆవిణ్ణి చూస్తే నాకు జాలీ వేసేది, భయమూ వేసేది.

ఇప్పుడు అదే చలికాలంలో ఆవిడ కొడుకు 'ఊరికే నడిచొస్తాను' అంటే ఏమౌతుంది? అందుకని బావ ఇంట్లో చెప్పలేడు, వీధిలో తప్పించుకోలేడు. బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు.

చెంబు.

పొద్దున్నే నీళ్ళచెంబుతో చేలవైపు పోయేవాణ్ణి లోకంలో ఎవడూ పలకరించడు. ఎందాకా అని అడగడు. తోడొస్తాననడు. వెళ్ళొస్తానని చెప్పక్కర్లేదు. ఎదురుపడితే మొహం పక్కకి తిప్పుకుని దారిస్తారు. రాజుగారికి కూడా దక్కని మర్యాద అది. బావ ఒక ఇత్తడి చెంబు తళతళ తోమించి, నిండా నీళ్ళు పోసుకుని, చెవులకి తువ్వాలు చుట్టుకుని ఠీవిగా బయల్దేరాడు. సూరన్న ఎదురొచ్చాడు, చెంబు చూశాడు, తప్పుకున్నాడు. ఆ రోజు బావ తిరిగొచ్చి అంబలి తాగుతుంటే భుజాలు కదులుతూనే ఉన్నాయి.

అలా కొన్నాళ్ళు హాయిగా సాగింది. ఆశకి అంతుండదు కదా. రోజూ ఇంకొంచెం దూరం పోయేవాడు. తాటితోపు, గెడ్డ, గెడ్డ అవతల మెట్ట. ఆ మెట్ట దిగితే పొరుగూరి పొలిమేర. ఒకనాడు ఆ ఊరి పెద్దాయన ఒకాయన మా అరుగు మీదకొచ్చి, మజ్జిగ తాగి, గొంతు సవరించుకున్నాడు.

"బాబూ, మనూ మనూ సుట్టాలం. ఉన్న మాట అడుగుతాను. మీ ఊర్లో సోటు నేదా?"

"ఏటికి?" అన్నాడు బావ.

"అదేనయ్యా. సెంబు పట్టుకుని అంత దూరం మా ఊరొచ్చీస్తన్నావు. మా గుంటలు నవ్వుతన్నారు. మీ పొలం సాలకపోతే సెప్పు, మాదీ మీదే అనుకో. గాని ఇదేటి మర్యాద?"

బావ ముక్కుతో ఊఁ అన్నాడు. ఆయనకా భాష తెలీదు, లేవలేదు. అప్ప లోపలినుంచి అంతా విన్నది. ఆవిడ విన్నది ఒకటి, అర్థం చేసుకున్నది ఇంకొకటి: అంత దూరం పోతున్నాడంటే, అంతసేపు పడుతోందంటే, కడుపులో ఏదో పెద్ద రోగమే.

ఇక చూడండి వైద్యం. దానిమ్మ తొక్కల కషాయం ఒకరు, మారేడుకాయ గుజ్జు ఒకరు. సూరన్న పెళ్ళాం మెంతులు మింగించమంది. నెల్లిమర్ల మిల్లులో పనిచేసే బావ అన్న సెలవుకొచ్చి ఏదో పొడి ఇచ్చాడు. నిజం చెప్పలేక బావ అన్నీ నోరు మూసుకుని తాగాడు. వారం తిరిగేసరికి ఆయనకి నిజంగానే చెంబుతో పనిలేకుండా పోయింది. పొట్ట పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, 'తగ్గినాదా మావా?' అని దారినపోయే ప్రతివాడూ పరామర్శే. నేను నవ్వుతుంటే నా వైపు చూసిన చూపుంది, ఇప్పటికీ మరిచిపోలేను.

ఇంత కషాయం పడ్డాక కూడా మర్నాటి పొద్దున్న చెంబు పట్టుకుని బయల్దేరాడు. అప్పకి అనుమానం వచ్చింది అక్కడే. ఆ సాయంత్రం పెరట్లో నన్ను పట్టుకుంది.

"ఒరే తమ్ముడూ, మీ బావకి కడుపులో ఏటీ నేదురా. నాకు తెలిసిపోనాది. ఎవుల్తినన్నా ఉంచుకున్నాడేటి?"

"బావా? సెంబు పట్టుకునెల్లి? ఏ ఆడది ఒప్పుకుంటాదే?"

అప్ప నవ్వబోయి ఏడ్చేసింది. "అదైనా నయవేరా. ఇంటికొస్తాడు. వాళ్ళయ్య కూడా సలికాలంలోనే ఎల్లిపోనాడు. ఈయన కూడా అలగే ఒకనాడు సెంబొక్కటీ గట్టున ఒగ్గీసి ఎల్లిపోతే నానేటి సెయ్యాల? నువ్వెనకాల ఎల్లి సూడు."

ఆదివారం నాడు వెనకాల బయల్దేరాను. చెయ్యి చాపితే వేళ్ళు కనబడనంత మంచు. ముందు బావ తెల్ల తువ్వాలు అప్పుడప్పుడు కనబడుతుంది, మాయమౌతుంది. కల్లాల దగ్గర గడ్డివాము చాటున నక్కాను, తాటిచెట్టు చాటున నక్కాను. గూఢచారినన్న గర్వంతో గెడ్డలో రాళ్ళ మీద కాలు పెడుతుంటే, అవతలి ఒడ్డునుంచి వెనక్కి తిరక్కుండానే గొంతు వినబడింది.

"బామ్మర్దీ, ఆ రాయి కదుల్తాది. పక్కది తొక్కు."

ఆ మాట అయ్యేలోపే నేను గెడ్డలో కూర్చున్నాను. మోకాళ్ళ లోతే గాని చలికి ప్రాణం పోయింది. బావ వచ్చి చెయ్యందించి పైకి లాగి, తన తువ్వాలిచ్చి తుడుచుకోమన్నాడు. "అప్ప పంపినాదా?" అన్నాడు. ఒప్పుకున్నాను. ఇద్దరం మెట్ట ఎక్కి కూర్చున్నాం. బావ చెంబెత్తి గటగటా నీళ్ళు తాగేశాడు. నా మొహం చూసి, "దీన్ని ఆ పనికి ఒక్కనాడూ వాడ్నేదురా. నువ్వూ తాగు" అన్నాడు. తాగాను. ఏం చెయ్యను, తడిసి వణికిపోతున్నాను, కాదనే ఓపిక లేదు.

"ఇక్కడికొచ్చి ఏటి సేస్తావు బావా?"

"ఏటీ సెయ్యను."

"ఏటీ సెయ్యకపోడానికి ఇంత దూరవెందుకు?"

"ఇంట్లో ఏటీ సెయ్యకుండా కూకుంటే, ఏటి సేస్తన్నావు, ఒంట్లో బాగునేదా అనడుగుతారు. ఇక్కడ ఎవులూ అడగరు."

కింద మంచు కదులుతోంది. అది పలచబడిన చోట పెసరచేను ఒక ముక్క, తాటితల ఒకటి, ఎక్కడో బెల్లం వండుతున్న పొగ వాసన. ఒక కొంగ వచ్చి మోళ్ళ మధ్య వాలింది. బావ దాన్ని చూస్తున్నాడు. అరుగు మీద జనం మాటలు వినేటప్పుడు ఆ మొహం అంత తేటగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఈర్ష్య వేసిందంటే నమ్మండి. అయినా అప్ప అడగమన్నది అడగాలి కదా.

"నువ్వూ ఎల్లిపోతావేటి బావా, మీ అయ్యలాగ?"

కొంగ మీంచి చూపు తిప్పి నా వైపు తిరిగాడు. "ఎల్లిపోయీవోడు ముందుకి సూస్తాడురా. నాను సుట్టూ సూస్తాను. అంతే తేడా. గాని ఈ మాట మా అమ్మకి ఎలగ సెప్పాల?"

నేను అప్పతోనే చెప్పాను, అత్తకి అప్ప చెప్పింది. చెప్పడం కూడా కాదు, వంటింట్లో తోడికోడళ్ళతో గుసగుసలాడింది, అది గోడ దాటి గుమ్మంలోకి వెళ్ళింది. సాయంత్రం పశువుల్ని కట్టి బావ లోపలికొస్తుంటే అత్త చుట్ట బయటికి తీసింది. ఇల్లు గప్‌చుప్ అయింది.

"కడుపునొప్పి కాదట్రా?"

"కాదమ్మా."

"మరేటి?"

"ఊరికే నడుస్తన్నాను."

ఆవిడ మొహంలో రంగు పోయింది. "మీ అయ్య కూడా ఎందుకెల్లినాడో సెప్పనేదు. నీకు కూడు పెట్టి, గుడ్డ కట్టి, ఇంతోణ్ణి సేసినాను. మళ్ళా అదే గడపకాడ కూకుని దారి సూడమంటావేటి? మానీరా. నాను బతికున్నంతకాలం మానీ."

"ఊఁ" అన్నాడు బావ. అన్ని రకాల ఊఁలూ విన్న నేను ఆ ఊఁ ముందెప్పుడూ వినలేదు. చెంబు గోడవారన బోర్లించేశాడు.

మానేశాడు. పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చునేవాడు. మంచు వీధి చివర్న నిలబడి ఉంటే దాని వైపు చూసేవాడు కాదు, కాళ్ళ వైపు చూసుకునేవాడు. జనం వచ్చేవారు, చెప్పుకునేవారు. బావ వినేవాడు గాని చెవిలోకి పోయేది కాదు. ఒకరోజు సూరన్న పక్కవాడి చింతకొమ్మ తన పెరట్లోకి వచ్చిందని చెప్పుకుంటుంటే ఎక్కడో తప్పు చోట ఊఁ కొట్టాడు. సూరన్న ఇంటికిపోయి కొమ్మ నరికేశాడు. రెండిళ్ళవాళ్ళూ కర్రలు పట్టుకున్నారు. "మావ ఊఁ అన్నాడు" అంటాడు సూరన్న. బావకి అన్నట్టే గుర్తులేదు. తిట్టడం చేతకాని మనిషి ఆ సాయంత్రం ఎద్దుని కసిరాడు. అప్ప బెదిరిపోయింది. తను కోరుకున్నదే అది, కాని జరిగాక చూడలేకపోయింది.

గుమ్మం పక్కనుంచి అత్త ఇదంతా చూస్తూనే ఉంది. చుట్ట మాత్రం బయటికి రాలేదు.

తర్వాత ఒక పొద్దున్న అప్ప చోడంబలి పట్టుకెళ్ళేసరికి గుమ్మం పక్కన ఎవరూ లేరు. పెరట్లో లేదు, పశువులపాకలో లేదు. ఆ ముసలావిడ మొగుడు వెళ్ళిపోయింది మొదలు వీధి మలుపు దాటి ఎరగదు. ఇల్లంతా గోలెత్తిపోయింది. ఒకడు నుయ్యి చూడమన్నాడు, ఒకడు రాజాం రోడ్డు మీదకి పరిగెత్తాడు. బావ మాత్రం తువ్వాలు కూడా లేకుండా చేలవైపు నడిచాడు. అప్పా నేనూ వెనకాల పరిగెత్తాం.

తాటితోపు దాటాక కనబడింది. పెసరచేలో, దూరంగా, ఆకుపచ్చ చీర, తలమీదికి లాక్కున్న కొంగు. నడుస్తోంది. మోకాళ్ళ నొప్పులకి ఒక్కో అడుగూ పక్కకి పడుతోంది, అయినా నడుస్తోంది. బావ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "అమ్మా!" అని కేకేశాడు. ఆవిడ తిరగలేదు. అప్ప కూడా "అత్తా!" అని పిలిచింది. మంచులో ఆ పిలుపు ఇక్కడే పడిపోయింది.

అప్ప పరిగెత్తబోయింది. బావ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "ఉండు. ఆవిడ నడుస్తన్నాది."

అంతలో పక్క గట్టు మీదనుంచి సూరన్న దిగాడు, భుజాన గడ్డిమోపుతో. "ఓలమ్మ, ముసల్ది ఒక్కర్తీ ఎందాకా ఎల్తన్నాది? ఉండు, తోడెల్తాను" అని అటు తిరిగాడు. బావ వాడి భుజం పట్టుకుని మోపుతో సహా గట్టున కూర్చోబెట్టాడు.

"ఒగ్గీరా. పలకరించకు."

"పడిపోతే?"

"పడితే లెగుస్తాది. నువ్వెల్తే నడక పోతాది."

తర్వాత ఆయన చేసిన పని నాకు జన్మలో మరుపు రాదు. తనూ గట్టు మీద కూర్చుని, ఆవిడ వైపు వీపు పెట్టాడు. "మనవూ సూడొద్దు. సూస్తన్నా తోడున్నట్టే" అన్నాడు. సూరన్నకి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా వీపు తిప్పి కూర్చున్నాడు. అప్ప కొంగు నోట్లో కుక్కుకుని తిరిగింది. నేనూ తిరిగాను. వెనకాల ఆ ముసలావిడ ఎంత దూరం పోతోందో, తిరిగొస్తుందో రాదో ఎవరికీ తెలీదు. బావ చేతులు ఒడిలో పెట్టుకుని ఉన్నాడు. తండ్రి వెళ్ళిపోయిన దారి వైపు తల్లిని వదిలేసి వీపు పెట్టి కూర్చున్నాడాయన. ఆ గుండెకి దండం పెట్టాలనిపించింది నాకు.

ఎండ పొడొచ్చింది. మంచు లేస్తోంది. వెనక మోళ్ళు చిటపటమన్నాయి, తర్వాత ఒక దగ్గు వినబడింది. అప్పుడు గాని బావ తిరగలేదు.

అత్త గట్టు దగ్గర నిలబడి ఉంది. పాదాలనిండా బురద, చీర అంచు తడిసి బరువుగా వేలాడుతోంది. ఊపిరి ఎగబోస్తోంది గాని మొహంలో ఏదో సర్దుకుంది. మమ్మల్నందర్నీ చూసి ఆశ్చర్యపడింది.

"ఎప్పుడొచ్చినార్రా?"

"సేనాసేపైంది. పిలిసినాం కూడా" అన్నాడు బావ.

"పిలిసినారా?"

"నానూ, నీ కోడలూ. గట్టిగా పిలిసినాం."

ఆవిడ వెనక్కి తిరిగి తను నడిచొచ్చిన చేను వైపు చూసింది. అలా చూస్తూనే నిలబడింది. గట్టు మీద కూలబడి, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నాకు ఇనపడ్నేదురా. కొంగలు, మంచు, నా కాళ్ళు, ఇయ్యే. ఎవులూ పిలవనట్టే ఉన్నాది" అంది. మళ్ళీ చేను వైపే చూస్తూ అంది: "మీ అయ్యక్కూడా నా మాట ఇనపడుండదురా."

సూరన్న కూడా మాట్లాడలేదు, అది ఊళ్ళో రికార్డు. బావ కిందకి దిగి ఆవిడ పాదాలకున్న బురద అరచేత్తో తుడిచాడు. తుడుస్తూ తల వంచుకునే ఉన్నాడు. తలెత్తేసరికి ఆయన కళ్ళూ తడిగానే ఉన్నాయి గాని, భుజాలు మాత్రం అప్పుడే కదలడం మొదలెట్టాయి.

"మరి రేపో?" అన్నాడు. "రేపెవులెల్తారు? ఇద్దరం ఎల్తే ఒంటరి నడక కాదు."

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, కొడుకు చెయ్యి విదిలించేసుకుని ఇంటివైపు తిరిగింది.

"రేపు నువ్వెల్లు" అంది. "ఎల్లుండి నాను."